దొనకొండ స్టాండు

కొలిచేటప్పుడు మా ఇంట్లో ఎవరూ "ఒకటి" అనరు. మొదటి సోలకి "లాభం" అనాలి, ఆ తర్వాతే రెండు, మూడు. మార్కాపురం బజారులో ఉన్న మా కిరాణా దుకాణంలోనూ అంతే, ఇంట్లోనూ అంతే. రోజూ పొద్దున్నే మా అత్త కృష్ణవేణమ్మ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నడిమింట్లో గోడకున్న స్టాండు ముందు నిలబడేది. నేను గిన్నె పట్టుకోవాలి. ఆమె పై అరలో ఉన్న బియ్యం డబ్బా మూత తీసి, ఇత్తడి సోల నిండా ముంచి, నా గిన్నెలో పోస్తూ "లాభం" అనేది. రెండు, మూడు అయ్యాక ఇంకో గుప్పెడు పడేది. అది వచ్చేపోయేవాళ్ళది. ఆ తర్వాత కందిపప్పు, చింతపండు, మిరపకాయలు, అన్నీ ఆమె చేత్తోనే. ఆ చేత్తో తీసివ్వందే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

కాపురానికొచ్చిన కొత్తలో నాకు ఒళ్ళు మండేది. నా చేతులకేమైందని? అర్ధవీడులో మా నాయనది చిన్న అంగడి, కొలవడం నాకూ వచ్చు. కానీ మా నాయన నన్ను చూడ్డానికి శనివారాలు బస్సెక్కి వచ్చేవాడు. ఆయన ఇంకా వీధి మలుపు తిరక్కముందే ఆ పొద్దు ఒక సోల ఎక్కువ పడి ఉండేది. "మీ నాయన వస్తాడా ఈ పొద్దు" అని ఆమె ఒక్కసారి కూడా నన్ను అడిగి, చెప్పించుకుని పోయలేదు. నా ఒంటిమంట అప్పుడే చల్లారింది.

ఇక ఆ స్టాండు. మా మామగారు పెళ్ళయిన కొత్తలో దొనకొండ రైల్వే క్వార్టర్స్‌లో ఎవరో ఇంజినీరుగారు బదిలీ మీద పోతూ సామాను అమ్మేస్తుంటే కొని, రైల్లో వేయించుకొచ్చారట. అందుకే దాని పేరు దొనకొండ స్టాండు. గోడకి ఆనించి మూడు ఇనుప నిచ్చెనలు, వాటి మధ్య రెండు వరసల్లో అరలు, ఒక పక్క జరుపుడు తలుపుల చిన్న అలమర, దాని కింద రెండు సొరుగులు. సొరుగులున్న ఆ పెట్టెలో మా అత్త గాజులు, మందులు, పిన్నీసులు, మా పిల్లలు పారేసిన పలక ముక్కలు అన్నీ ఉండేవి. పలకల ఊరు కదా, ఏ ఇంట్లో సొరుగు లాగినా ఒక ముక్క దొరుకుతుంది.

ఏటా ఉగాదికి ముందు ఇంటికి సున్నం వేసినప్పుడు స్టాండుకీ ఒక పూత పడాలి. ఇది మా మామగారి రూలు. ఆయన పోయాక కూడా ఆ రూలూ తప్పలేదు, మా అత్త బొట్టూ తప్పలేదు. ఏ రంగు మిగిలితే ఆ రంగు. ఒక ఏడు కిటికీల నీలం, ఒక ఏడు గేటు పచ్చ, ఇంకో ఏడు తలుపుల చాక్లెట్ రంగు, ఈమధ్య క్రీము. నిచ్చెనలకి పసుపు, కుంకుమ బొట్లు. రంగు మీద రంగు పడి, లోపలున్నది చెక్కో రేకో కూడా మాకు పట్టింపు లేకుండా పోయింది. గోడతో పాటే కట్టినట్టుండేది.

ఆ ఏడాది మాఘమాసంలో మా అత్త దండెం మీది బట్టలు తీసి మడతపెడుతూ పక్కకి ఒరిగిపోయింది. ఒంగోలు ఆసుపత్రిలో ప్రాణం దక్కింది, కొంచెం ముద్దగానైనా మాట దక్కింది. కుడి కాలు, కుడి చెయ్యి మాత్రం పడిపోయాయి. వ్యాయామం చేయిస్తూ ఉండండి, కొంత రావచ్చు అన్నారు డాక్టరుగారు. పూర్తిగా వస్తుందని ఆయన చెప్పలేదు, మేమూ గట్టిగా అడగలేదు.

చక్రాల కుర్చీలో ఇంటికి తెచ్చి నడిమింట్లో ఫ్యాను కింద కూర్చోబెట్టాం. ఎదురుగా స్టాండు. ఆమె మంచి ఎత్తు మనిషి. ఎలుకల భయానికి, ఒకప్పుడు మా పిల్లల భయానికి, బియ్యం పప్పులు అన్నీ తన తలెత్తులో పెట్టుకుంది. ఇప్పుడా డబ్బాలు కళ్ళకి కనపడతాయి, చేతికి అందవు.

మొదటి రోజు పొద్దున నేను బియ్యం డబ్బా దింపి ఆమె ఒళ్ళో పెట్టబోయాను.

"వద్దులే మల్లేశ్వరీ. నువ్వే తియ్యి" అంది.

"నేను తీస్తే మీ కొడుకు తినడు అత్తమ్మా, ఉప్పెక్కువైందంటాడు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నేనే తీశాను. మొదటి సోల పోస్తుంటే ఏమనాలో తెలియలేదు. "ఒకటి" అనడానికి నోరు రాలేదు, "లాభం" అనడానికి మనసు రాలేదు. నోరు మూసుకుని కొలిచాను. ఆ పొద్దు నుంచి మా ఇంట్లో బియ్యం మూగగానే కొలిచాం.

ఉగాది వచ్చింది, పోయింది. ఆ ఏడు స్టాండుకి రంగు పడలేదు. ఆమె తిండి రోజురోజుకీ తగ్గిపోతోంది.

"పెద్దమ్మ కంచంలో మెతుకులు పెట్టినవి పెట్టినట్టే ఉండాయి అక్కా" అనేది మా ఇంట్లో గిన్నెలు తోమే యేసుమణి. "కుక్కకేస్తే కుక్క లావైతాండాది గానీ, పెద్దమ్మ చూడు, ఎట్ల అయిపోయిందో."

ఒకరోజు మధ్యాహ్నం మా ఆయన చంద్రశేఖరరావు భోజనానికి వచ్చి చెయ్యి కడుక్కుంటుంటే అత్త పిలిచింది.

"నాయనా చంద్రం. మృగశిర కార్తె వచ్చి ఎండ తగ్గినాక నన్ను గిద్దలూరు తీస్కపోయి మా తమ్ముడింట్లో దించి రా."

ఆయన తుండు భుజాన వేసుకుని దగ్గరికొచ్చాడు. "ఏమ్మా, ఇక్కడ ఏం తక్కువైంది?"

"ఏమీ తక్కువ గాలే. అన్నీ నా ముందరికే తెచ్చి పెడతాండారు. మల్లేశ్వరి కన్నకూతురి కంటే ఎక్కువ చూస్తాంది. నేనే ఒకరికి ఒక గుప్పెడు తీసి ఇయ్యలేకపోతాండా. ఇచ్చే చెయ్యి లేనప్పుడు ఈ ఇంట్లో నేను చుట్టాన్నే కదా. ఆ చుట్టరికమేదో తమ్ముడింట్లో చేసుకుంటా."

కోపంగా అన్నది కాదు, కన్నీళ్ళు పెట్టుకున్నదీ కాదు. అదే మమ్మల్ని భయపెట్టింది. యేసుమణి చేత నాలుగు చీరలు సంచిలో సర్దించి, స్టాండు చివరి నిచ్చెనకున్న కొక్కేనికి తగిలించింది. నేను ఆ చీరలు తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేదాన్ని. సాయంత్రానికి మళ్ళీ సంచి నిండి కొక్కేనికి ఉండేది. యేసుమణిని కోప్పడితే, "నన్నేం జేయమంటావు అక్కా, ఇద్దరూ చెప్తారు, ఇద్దరి మాటా ఇంటాండా" అని చేతులు తిప్పేది.

మా ఆయనకి తోచిన ఉపాయం వేరు. "అమ్మ పొద్దస్తమానం ఆ స్టాండునే చూస్తా ఉంది. అది కళ్ళముందు లేకపోతే మనసు కుదుటపడుతుంది. తీసేసి, ఆ జాగాలో అద్దాల బీరువా పెడదాం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మగవాళ్ళకి ఏదైనా బాధ కనిపిస్తే ముందు సామాను జరుపుతారు. అమ్మకానికని ఫోన్‌లో ఫొటో పెట్టాడు. ఎవరు కొంటారులే ఈ రంగుల బండని అని నేనూ ఊరుకున్నాను.

రోహిణి కార్తె ఎండలో, మా వీధిలో కాకి కూడా తిరగని వేళ, ఒక వ్యాను వచ్చి ఆగింది. జీన్స్ ప్యాంటు, తలకి చున్నీ చుట్టుకున్న ఒక అమ్మాయి దిగింది.

"నమస్తే ఆంటీ. నా పేరు అమూల్య. హైదరాబాదులో మాకు పాత ఫర్నిచర్ షాపు ఉంది. అంకుల్ ఫొటో పెట్టారు కదా, స్టాండు కోసం వచ్చాను."

ఆంటీ అంది. ఆ పిల్లకీ నాకూ మహా అయితే పదిహేనేళ్ళు తేడా ఉంటుంది. బేరం మీద నాకు అప్పుడే సగం మనసు విరిగింది. అయినా ఎండనపడి వచ్చిందని మంచినీళ్ళిచ్చాను.

ఆ పిల్ల నీళ్ళు తాగి, నేల మీద వెల్లకిలా పడుకుని, ఫోను లైటు వేసి అర అడుగుభాగం చూసింది. లేచేసరికి వీపంతా దుమ్ము, మొహమంతా నవ్వు. బ్లేడుతో ఒక మూల గీకింది. క్రీము, చాక్లెట్, పచ్చ, నీలం, ఒక్కొక్కటే లేచాయి. మా ఇంటి ఉగాదులన్నీ పొరలు పొరలుగా వచ్చాయి. అన్నిటి కింద తేనె రంగు చెక్క.

"టేకు ఆంటీ. అరవైల్లో చేసింది అయ్యుంటుంది. ఇలాంటిది పూర్తి సెట్టుగా దొరకడం చాలా అరుదు."

వ్యానుతో వచ్చిన నాగులు అనే మనిషి డబ్బాలన్నీ దింపి కింద పెట్టాడు. నిచ్చెనకీ అరకీ మధ్య బ్లేడు తిప్పి, అర కింద అరచేత్తో రెండు పోట్లు పొడిచాడు. పటుక్కుమని రంగు తెగింది. మేకు లేదు, మర లేదు. అర పైకి లేచి అతని చేతుల్లోకి వచ్చేసింది. దాని రెండు చివరలా వంచిన ఇనుప కొక్కేలున్నాయి, అంతే.

"అంటే ఇది ఊడుతుందా?" అన్నాను.

"ఊడడానికే చేశారు. ఏ అరనైనా ఏ మెట్టుకైనా తగిలించుకోవచ్చు. పుస్తకాలుంటే దగ్గర దగ్గరగా, పెద్ద సామానుంటే దూరంగా. ఇంట్లో ఎవరి అవసరం మారితే వాళ్ళకి తగ్గట్టు మార్చుకోవడమే. ఇన్నేళ్ళలో మీరెప్పుడూ మార్చలేదా?"

మార్చడమా? మేము ఏటా శ్రద్ధగా రంగు పూసి అతికించాం. పండగ చేస్తున్నామనుకున్నాం.

అప్పుడు చూశాను మా అత్త వైపు. ఆమె స్టాండు వైపు కాదు, నాగులు చేతుల్లో ఉన్న అర వైపు చూస్తోంది. కుర్చీ చేతి మీద ఆమె ఎడమ మోచెయ్యి. దానికి సరిగ్గా ఎదురుగా నిచ్చెనకి ఒక మెట్టు ఉంది.

"ఈ అర అక్కడికి వస్తుందా?" అని వేలు చూపించాను.

"వస్తుంది ఆంటీ."

"ఈ రెండోది దాని పైన?"

"అదీ వస్తుంది. ఎందుకు?"

"మజ్జిగ తాగుతావా అమ్మా?" అన్నాను. "ఎండలో అంత దూరం వచ్చినావు. మేము దీన్ని అమ్మడం లేదు."

భోజనానికి ఇంటికొచ్చి ఉన్న మా ఆయన గతుక్కుమన్నాడు. "ఏంది మల్లేశ్వరీ, మాటిచ్చి పిలిపించినాక?"

"మాటిచ్చింది మీరు. మజ్జిగ ఇచ్చేది నేను."

అమూల్య మొహం చిన్నబోయింది. దాచుకోలేదు కూడా. "తెల్లవారకముందే బయల్దేరాను ఆంటీ" అంది మెల్లగా. తర్వాత కుర్చీనీ, కుర్చీలో ఉన్న మనిషినీ చూసింది. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "పెద్దమ్మా, ఒక్కసారి ఎడమ చెయ్యి చాపండి" అంటూ మా అత్త దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "నాగులన్నా, పై రెండూ ఇక్కడికి దించు. సొరుగుల పెట్టె ఇటు వేపు, పెద్దమ్మకి ఎడమ పక్కకి రావాలి."

ఆ సాయంత్రం దాకా ఉండిపోయారు ఇద్దరూ. నాగులు అరలు ఊడదీసి తగిలిస్తుంటే ఆ పిల్ల కుర్చీ ముందుకీ వెనక్కీ నెట్టి చూసింది. బియ్యం, పప్పు, చింతపండు డబ్బాలన్నీ మా అత్త చేతికందే ఎత్తులోకి వచ్చాయి. పై మెట్లు బోసిగా మిగిలాయి. అన్నం తిని పోతూ పోతూ, "మళ్ళీ రంగు మాత్రం వెయ్యకండి అక్కా" అంది. అక్కా అంది. కొనడానికి వచ్చి, కొనకుండా, కూలిమనిషిలా పనిచేసి పోయిన పిల్ల. తన నష్టం గురించి మళ్ళీ ఒక్క ముక్క అనలేదు. ఇప్పటికీ ఆ పిల్ల గుర్తొస్తే ఎక్కడున్నా చల్లగా ఉండాలని అనుకుంటాను.

ఇక ఆ రాత్రి నా సంబరం చూడాలి. మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, గిన్నె తోమి, పండగకి నిలబడినట్టు స్టాండు పక్కన నిలబడ్డాను. మా అత్త ఎడమ చేత్తో డబ్బా మూత తీసింది. సోల అందుకుంది. ముంచింది. అక్కడ ఆగిపోయింది. సోల బియ్యంలోనే వదిలేసి చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"ఏమైంది అత్తమ్మా? అందడం లేదా?"

"అందుతాది."

"మరి?"

"ఎడం చేత్తో ఇయ్యమంటావా?"

నేను గిన్నె కిందికి దించాను.

"మీ మామ దుకాణంలో పసిబిడ్డకి బెల్లం ముక్క కూడా ఎడం చేత్తో ఇయ్యలేదు. ఇంటికి అన్నం పెట్టేది ఎడం చేత్తో పోసి, ఆ నోటితో లాభం అననా? నాకు రాదు మల్లేశ్వరీ."

"దేవుడు ఉంచిన చెయ్యి అదే కదా పెద్దమ్మా" అంది యేసుమణి గుమ్మంలోంచి. "ఆ చేత్తోనే ఇయ్యి. ఎవురేమంటారు?"

"ఎవురో అంటారని కాదే. నాకే ఒప్పదు."

నేను పెరట్లో కొళాయి దగ్గరికి పోయి ఏడ్చాను. చేతికందకపోవడమే ఆమె బాధ అనుకున్నాను. స్టాండు దించితే ఆమె దక్కుతుందనుకున్నాను. పుట్టి పెరిగిన పద్ధతి నాకూ తెలుసు కదా, నేనూ ఎవరికీ ఎడమ చేత్తో చెంచాడు ఉప్పు ఇచ్చినదాన్ని కాను. ఆ మాట నాకెందుకు తట్టలేదో. ఆ సంచి ఖాళీ చెయ్యడం కూడా మానేశాను. మృగశిర వచ్చే రోజుకి మా ఆయన గిద్దలూరుకి కారు మాట్లాడాడు.

ఒక మధ్యాహ్నం నేను మంచం మీద వాలి ఉంటే నడిమింట్లోంచి పిలుపు వచ్చింది.

"మల్లేశ్వరీ. ఆ కింద అర ఒక మెట్టు పైకి పెట్టు."

"దేనికి?"

"పెట్టవే. నీకన్నీ కావాల."

డబ్బాలు దింపి, అర ఎత్తి, పై మెట్టుకి తగిలించాను. ఆమె కుర్చీ దగ్గరికి జరిపించుకుని, ఎడమ చేత్తో కుడి చెయ్యి ఎత్తి ఆ అర మీద పెట్టుకుంది. కాసేపు చూసింది. "ఎక్కువైంది. కిందికే పెట్టు. కుర్చీలో నాకింద ఒక దుప్పటి మడత వెయ్యి." వేశాను. మళ్ళీ చెయ్యి ఎత్తి పెట్టుకుంది. "ఇప్పుడు డబ్బా ఎడంపక్కకి జరుపు. పో, పడుకో ఇంక."

డాక్టరుగారు చెప్పిన వ్యాయామం చేస్తోందేమో, పోనీ అదైనా మంచిదే అనుకున్నాను. ఆ తర్వాత రెండు మూడు మధ్యాహ్నాలు నడిమింట్లో సోల చప్పుడు వినిపించింది. యేసుమణి నేల మీద బియ్యం గింజలు ఊడుస్తూ, "ఎలుకలు మళ్ళీ వచ్చినట్టుండాయి అక్కా" అని నా మొహం చూడకుండా అంది.

మృగశిర పొద్దు. తెల్లవారుజామున నాలుగు చినుకులు పడ్డాయి. మట్టి వాసన ఇంట్లోకి వస్తోంది. కొక్కేనికి సంచి ఉంది. నేను బియ్యం తియ్యబోతుంటే అత్త అంది, "గిన్నె తెచ్చుకుని ఈడ నిలబడు."

నిలబడ్డాను. ఆమె నుదుట బొట్టు ఉంది. ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి అర అంచున పెట్టుకుంది. సోల బియ్యంలో ముంచి, తీసి, కుడి అరచేతిలో నిలబెట్టింది. ఆ వేళ్ళని ఒక్కొక్కటే తెచ్చి సోల చుట్టూ మూసింది. చిటికెనవేలు నిలవలేదు, మళ్ళీ మూసింది. కుడి చేతి కింద ఎడమ చెయ్యి పెట్టి, అర అంచు మీద మణికట్టుని ఆనించి, మెల్లగా వంచింది. నేను గిన్నె దగ్గరికి తేబోతే తల అడ్డంగా ఊపింది. తన చెయ్యే గిన్నె దాకా రావాలి. సోల ఒరిగింది. కొన్ని గింజలు నా కాళ్ళ మీద పడ్డాయి. మిగిలినవన్నీ ఆమె కుడి చేతిలోంచి నా గిన్నెలో పడ్డాయి.

"లాభం" అంది.

మాట ముద్దగానే వచ్చింది. ఇంట్లో అందరికీ వినిపించింది. పూజ గదిలో మా ఆయన గంట ఆపేశాడు. యేసుమణి గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడిపోయింది. నా కళ్ళు మసకబారి గిన్నె కనపడలేదు. ఆ ఇనుము వంచి కొక్కేలు చేసినవాళ్ళెవరో, అది వదిలిపెట్టి బదిలీ మీద పోయిన ఆ ఇంజినీరుగారెవరో, రైల్లో మోసుకొచ్చిన మా మామగారు, దుమ్ములో పడుకుని చూసిన ఆ పిల్ల, అందరికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అందరికంటే ముందు, పడిపోయిన చేతిని నా కోసం లేపి తెచ్చిన ఈ మనిషికి.

"ఏడుస్తా ఉంటే గిన్నె కదుల్తాది. సరిగ్గా పట్టు" అంది. "రెండు."

మూడో సోల పడుతుండగా వీధిలో హారను మోగింది. మా ఆయన బయటికి పోయి వచ్చి, తల్లి ముందు నిలబడి, ఏమనాలో తెలియక సంచి వైపు ఒకసారి, ఆమె చేతి వైపు ఒకసారి చూశాడు.

"అమ్మా, గిద్దలూరు కారు వచ్చింది."

అత్త తల ఎత్తలేదు. కుడి చేతి వేళ్ళని మళ్ళీ సోల చుట్టూ మూస్తోంది.

"ఆ డ్రైవరు ఎప్పుడనగా బయల్దేరినాడో ఏమో. కాళ్ళు కడుక్కోమను, అన్నం తిని పోతాడు" అంది. "మల్లేశ్వరీ, ఇంకొక సోల పోస్తా, పట్టు."

నేను గిన్నె పట్టాను.